అంకెలు ఎన్ని గుర్తుంటాయి: 1,492 వరసల ప్రాజెక్టు డైరీ

ఒకసారి విన్న అంకెల వరసను వెంటనే, తప్పు లేకుండా, అదే క్రమంలో ఒక మనిషి ఎంత పొడవు వరకు తిరిగి చెప్పగలడు? ఇంట్లో కొలవాలనుకున్నది ఇంతే. నేను పారేసిన 484 వరసలు మీరు పారేయకుండా ఉండాలని ఈ డైరీ పెడుతున్నాను. మా ఇల్లు తెనాలిలో. మనుషులు: అమ్మమ్మ, పెదనాన్న, బావ, వదిన, తమ్ముడు, మేనకోడలు, ఇంకా వీధిలో దొరికినవాళ్ళు. సామాను: ఫోను, పాత ల్యాప్‌టాప్, ఆడాసిటీ (గొంతు రికార్డు చేసి కోసుకునే సాఫ్ట్‌వేర్), గూగుల్ షీట్, 40 రూపాయల లాంగ్ నోట్‌బుక్కు.

దశ 1: నోటితో చదవడం (మొత్తం పారేశాను)

1. 0 నుంచి 9 దాకా అంకెలతో, 3 అంకెల పొడవు నుంచి వరసలు రాసుకున్నాను.
2. సెకనుకు ఒక అంకె చొప్పున నేనే చదివాను.
3. ఒక్కో పొడవుకు రెండు వరసలు. రెండూ తప్పితే ఆపేశాను.

పదకొండు మంది, మనిషికి 14 వరసలు. సగటు 8.1 వచ్చింది. అనుమానం రావలసింది, రాలేదు. 1887లో జోసెఫ్ జేకబ్స్ లండన్ బడిపిల్లల మీద ఇదే పరీక్ష పెడితే అంకెలకు సగటు 9.3, అక్షరాలకు 7.3 వచ్చింది. ఆయన లెక్క ఉంది కదా అని నా 8.1 కూడా సరైనదే అనుకున్నాను.

అసలు సంగతి వదిన బయటపెట్టింది. "నువ్వు చదువుతుంటే ఫోన్ నంబరు చెబుతున్నట్టుంది" అంది. ఒక వరస రికార్డు చేసి ఆడాసిటీలో తెరిచి అంకెల మధ్య ఖాళీలు కొలిచాను. 0.4, 0.4, 0.9, 0.4, 0.5, 0.9. మూడేసి అంకెలకు ఒకసారి ఆగుతున్నాను. చివరి అంకె దగ్గర గొంతు దించుతున్నాను. అంటే వినేవాళ్ళకు వరసను ముందే ముక్కలు కోసి పెడుతున్నాను, అయిపోయిందన్న సంగతి కూడా చెప్పేస్తున్నాను. ఇందులో వాళ్ళ జ్ఞాపకం ఎంత, నా రాగం ఎంత అని విడదీసే దారి లేదు.

రెండో తప్పు లెక్క వేయడంలో. పొడవుకు రెండే వరసలైతే ఒక్క దగ్గు వచ్చినా ఒక అంకె పోతుంది. దశ 2 నుంచి ఇలా మార్చాను:

1. పొడవుకు నాలుగు వరసలు, 3 అంకెల నుంచి 9 దాకా.
2. సరిగ్గా చెప్పిన ప్రతి వరసకు 0.25.
3. ఆ మొత్తానికి 2 కలపాలి (రెండంకెలు అందరికీ వస్తాయి కాబట్టి).
4. ఒక పొడవులో నాలుగూ తప్పితే ఆపేయాలి.

ఉదాహరణకు 3లో 4, 4లో 4, 5లో 3, 6లో 2, 7లో 1, 8లో ఏమీ లేవనుకోండి. 14 వరసలు, అంటే 3.5. రెండు కలిపితే 5.5.

*ఇప్పటికి: 154 వరసలు. పనికొచ్చినవి 0. ఖర్చు 40 రూపాయలు.*

దశ 2: రికార్డు చేసిన గొంతు (ఇదీ పారేశాను, కానీ చాలా నేర్పింది)

ఒక్కో అంకెను విడిగా రికార్డు చేసి, మొదలు నుంచి మొదలుకు సరిగ్గా 1 సెకను ఉండేలా పేర్చాను. తేలిక అనుకున్నాను. నాలుగు రోజులు పట్టింది.

మొదటి చిక్కు: ఒకటి, రెండు, మూడు అని లెక్క క్రమంలో చదివాను. ఆ క్రమంలో ఆఖరిది కాబట్టి తొమ్మిది దగ్గర గొంతు దిగింది. అంకెలు తారుమారు చేసి పేర్చాక కూడా తొమ్మిది వచ్చిన ప్రతిచోటా వరస అయిపోయినట్టు వినపడేది. అందుకని ప్రతి అంకెనూ రెండు వేరే అంకెల మధ్య పెట్టి చదివి, మధ్యది మాత్రం కోసుకున్నాను. ఒక్కొక్కటి మూడుసార్లు చదివి, పొడవులో మధ్యస్థంగా ఉన్నది తీసుకున్నాను.

రెండోది చప్పుడు. ఫ్యాను ఆపి, బొంత కప్పుకుని రికార్డు చేశాను. ఏప్రిల్‌లో చేయకండి. గుడి మైకు ఉన్న రోజు అసలే వద్దు.

మూడోది అమ్మమ్మ. ఆమెకు 3.25 వచ్చింది. మతిమరుపు అనుకుని అందరం కంగారుపడ్డాం. తీరా చూస్తే ఫోన్ స్పీకరులో ఆమెకు సరిగ్గా వినపడట్లేదు. పాత టీవీ స్పీకరు తగిలించి, అసలు పరీక్షకు ముందు 20 విడి అంకెలు వినిపించి తిరిగి చెప్పమన్నాను. ఇరవైకి ఇరవై చెబితేనే ముందుకు. ఈ మెట్టు అందరికీ పెట్టండి, కుర్రవాళ్ళకు కూడా.

నాలుగోది బావ. ఆయనకు 8.5 వచ్చింది. ఎలాగని అడిగితే, "అందులో డబుల్ ఫోర్ ఉంది, తర్వాత 108 ఉంది, ఇంక మిగిలింది ఎంత బావా" అన్నాడు. నిజమే. ఎనిమిది అంకెల వరసలో ఆయన మోసింది అయిదు సంగతులే.

1956లో జార్జ్ మిల్లర్ రాసిన వ్యాసంలో ఉన్నది ఇదే. ఒకసారికి గుర్తుండేవి ఏడు, దానికి రెండు అటూ ఇటూ అన్న మాట అక్కడిదే. అందరూ ఏడును పట్టుకున్నారు గానీ, వ్యాసంలో పనికొచ్చే సంగతి వేరే ఉంది. మనం మోసేది అంకెల్ని కాదు, ముక్కల్ని. ఇంగ్లీషులో చంక్ అంటారు, నేను గుత్తి అంటాను. ఒక గుత్తిలో ఎన్ని కాయలున్నా మోసే చేతికి అది ఒక్కటే. కాబట్టి కొలిచేవాడు ముందు గుత్తులు విప్పాలి. ఫోన్ నంబర్లలో డబుల్, ట్రిపుల్ అనడం అలవాటైన మన ఊళ్ళలో ఇది మరీ ముఖ్యం.

వరసలకు కొత్త నియమాలు:

1. ఒక వరసలో ఏ అంకె రెండుసార్లు రాకూడదు.
2. 3-4-5, 8-7-6 లాంటి మెట్లు ఉండకూడదు.
3. 108, 143, 1947, ఊరి పిన్‌కోడు, ఇంట్లో బండ్ల నంబర్లు కనిపిస్తే ఆ వరస తీసేయాలి.
4. తీసేశాక మిగిలిన వరసల్ని ఇంకొకరితో చదివించాలి. మేనకోడలికి 1, 9, 8, 3 కపిల్‌దేవ్ కప్పు. నాకు తట్టనే లేదు.

మొదటి నియమంలో ఒక లోపం ఉంది. తొమ్మిది అంకెల వరసలో ఏ అంకె రాలేదో కనిపెడితే మిగతావన్నీ తెలిసిపోతాయి. క్రమం మాత్రం ఎలాగూ గుర్తుండాలి కాబట్టి ఒప్పుకున్నాను.

*ఆరుగురితో 120 వరసలు. ఇప్పటికి 274, పనికొచ్చినవి 0.*

దశ 3: ఇంగ్లీషులోనా, తెలుగులోనా

నిజం చెప్పాలంటే మొదలుపెట్టింది దీని కోసమే. సెవెన్, జీరో తప్ప ఇంగ్లీషు అంకెలన్నీ ఒక్క దెబ్బలో పలుకుతాం. మనవి చూడండి: ఒకటి, నాలుగు, తొమ్మిది మూడేసి అక్షరాలు, ఎనిమిది ఏకంగా నాలుగు. నా రికార్డుల్లో ఎనిమిది 0.62 సెకన్లు, ఆరు 0.36.

1975లో బాడ్లీ, థామ్సన్, బుకానన్ అనే ముగ్గురు పొట్టి మాటలతో, పొడుగు మాటలతో వరసలు చేసి పరీక్షించారు. పొట్టివే ఎక్కువ గుర్తున్నాయి. రెండు సెకన్లలో నోటితో ఎన్ని చెప్పుకోగలమో సుమారుగా అన్నే నిలుస్తాయని వాళ్ళ లెక్క. 1980లో ఎల్లిస్, హెనెలీ దీన్ని వెల్ష్, ఇంగ్లీషు రెండూ వచ్చినవాళ్ళ మీద చూశారు. వెల్ష్ అంకెలు పలకడానికి ఎక్కువ సమయం పడుతుంది, అందులో తక్కువ గుర్తున్నాయి. తెలివి పరీక్షల్లో వెల్ష్ పిల్లలకు అంకెల దగ్గర మార్కులు తగ్గడానికి ఇదొక కారణం అని తేల్చారు. పిల్లల బుర్రలో లోటు లేదు, అంకెల పొడవులో ఉంది.

చేసిన పద్ధతి:

1. పది అంకెలున్న వరస కాగితం మీద పెట్టి, వీలైనంత వేగంగా పైకి చదవమన్నాను. నాలుగుసార్లు స్టాప్‌వాచ్‌తో కొలిచి సగటు తీసుకున్నాను.
2. తర్వాత రెండు భాషల్లోనూ వినికిడి పరీక్ష, వేర్వేరు రోజుల్లో.

ఇక్కడ రెండు దెబ్బలు తిన్నాను. మొదట అందరికీ ఇంగ్లీషే ముందు పెట్టాను. రెండో రోజు తెలుగు వచ్చేసరికి విసుగు. సగం మందికి తిరగేశాను. రెండో దెబ్బ ఇంకా పెద్దది. తెలుగు పరీక్షలో మేనకోడలికి ఇంగ్లీషుతో సమానంగా వచ్చింది. "నువ్వు తెలుగులో చెబుతున్నావు మావయ్యా, నేను లోపల ఇంగ్లీషులోకి మార్చుకుంటున్నా" అంది. జవాబు కూడా ఇంగ్లీషులోనే చెప్పింది, నేనే పట్టించుకోలేదు. ఇంకో ఇద్దరూ అదే చేస్తున్నారు. ఆ మూడు కూర్చోబెట్టడాలు (ఒకరిని ఒకసారి కూర్చోబెట్టి చేసిన పరీక్ష ఒక కూర్చోబెట్టడం) కొట్టేసి, విన్న భాషలోనే జవాబు చెప్పాలని నియమం పెట్టి మళ్ళీ చేశాను. లోపల ఎవరు ఏం మార్చుకుంటున్నారో ఇప్పటికీ ఖాయంగా చెప్పలేను.

45 ఏళ్ళ లోపు ఏడుగురి సగటు:

- ఇంగ్లీషు: పది అంకెలు చదవడానికి 2.9 సెకన్లు, గుర్తున్నవి 6.8
- తెలుగు: చదవడానికి 4.0 సెకన్లు, గుర్తున్నవి 5.6

గుణించి చూడండి. ఇంగ్లీషులో అంకెకు 0.29, ఇంటూ 6.8 అంటే 1.97 సెకన్లు. తెలుగులో 0.40 ఇంటూ 5.6 అంటే 2.24. రెండు సెకన్ల చుట్టూనే తిరుగుతున్నాయి. మరీ అచ్చంగా కుదరలేదు, కుదిరుంటే నాకే అనుమానం వచ్చేది.

ఇక్కడితో ఆపితే తెలుగు అంకెలు జ్ఞాపకానికి మంచివి కావు అని ఎవరో ఒకరు వాట్సాప్‌లో పంపుతారు. అందుకే మిగతా ఇద్దరి లెక్క విడిగా ఇస్తున్నాను.

- అమ్మమ్మ: తెలుగు 4.4 సెకన్లు, 4.75. ఇంగ్లీషు 5.8 సెకన్లు, 3.5
- పెదనాన్న: తెలుగు 4.1 సెకన్లు, 5.5. ఇంగ్లీషు 4.6 సెకన్లు, 5.0

వీళ్ళకు తెలుగే ఎక్కువ. పెదనాన్న ముప్పై ఏళ్ళు ధాన్యం కొట్లో బస్తాలు తెలుగులో లెక్కపెట్టిన మనిషి, ఆయన ఎనిమిది అనేది విన్నా "ఎన్మిది" అనే వినపడుతుంది. భాష మంచిదా చెడ్డదా అన్నది కాదు, ఆ మనిషి నోట్లో ఏది గబగబా ఆడుతుందో అది. రోజూ ఫోన్ నంబర్లు ఇంగ్లీషులో చెప్పుకునే తరానికి ఇంగ్లీషు అంకెలే నోట్లో అరిగిపోయాయి.

తప్పుల పట్టిక కూడా రాశాను. తెలుగులో ఎక్కువగా తారుమారైన జంట మూడు, ఏడు. ఇంగ్లీషులో ఫైవ్, నైన్. 1964లో కాన్రాడ్ అక్షరాలను కళ్ళకు చూపించి రాయమన్నా, జనం చేసిన తప్పులు చూపుకు దగ్గరైనవి కావు, చెవికి దగ్గరైనవి. నా పట్టికలో మొదట ఇది తప్పు వినడమేమో అనుకున్నాను. కానీ 20 అంకెల వినికిడి మెట్టులో ఇవే మనుషులు మూడును ఏడు అనలేదు.

*21 కూర్చోబెట్టడాలు, 462 వరసలు, అందులో 66 కొట్టేసినవి. ఇప్పటికి 736. పనికొచ్చినవి 396, పారేసినవి 340.*

దశ 4: నోరు కట్టేయడం

రెండు సెకన్ల కథ నిజమైతే, లోపల చెప్పుకునే నోటికి వేరే పని అప్పగిస్తే భాషల తేడా పోవాలి. ఎల్లిస్, హెనెలీలకు పోయింది. వాడే ఉపాయం చిన్నది: అంకెలు చూస్తున్నంతసేపూ అర్థం లేని మాట ఒకటి ఆపకుండా అంటూ ఉండాలి. నేను "లాలా" అని పెట్టాను, పాటగా మారిపోయింది, తమ్ముడు బాణీలో అంకెలు ఇరికించడం మొదలుపెట్టాడు. అమ్మమ్మ "రామ రామ అనిపించరా" అంది. అదే ఖాయం చేశాను.

మార్పులు:

1. చెవితో వద్దు, తెర మీద చూపించాలి. విన్న అంకెలు నోటి సాయం లేకుండానే లోపలికి పోతాయి. కళ్ళతో చూసినవి అలా పోవాలంటే లోపల పలుక్కోవాలి.
2. 4 అని చూపిస్తే అందరూ లోపల "ఫోర్" అనుకున్నారు. అందుకని తెలుగు లిపిలోనే ఒకసారి "నాలుగు" అని, ఒకసారి "ఫోర్" అని చూపించాను.
3. రామ అనడం జవాబు రాసేదాకా ఆగకూడదు. మొదటి మూడు వరసల్లో అంకెలు ఆగగానే నోరు ఆపేసి లోపల చెప్పుకున్నారు. అవి లెక్కలోకి తీసుకోలేదు.
4. జవాబు అంకెల్లో రాయాలి.

అమ్మమ్మ, పెదనాన్న తెర చదవడానికి ఇబ్బంది పడ్డారు, కాబట్టి ఏడుగురితోనే:

- నోరు ఊరకుంటే: ఇంగ్లీషు 6.4, తెలుగు 5.4
- రామ అంటుంటే: ఇంగ్లీషు 4.3, తెలుగు 4.2

ఒక అంకె తేడా పదో వంతుకు వచ్చింది. ఏడుగురితో, అదీ ఒకే వీధిలో, దీన్ని రుజువు అనను. రెండు సెకన్ల లెక్క మీద కూడా గొడవలున్నాయి. తర్వాతి వాళ్ళు వేరే మాటలు తీసుకుని, అక్షరాల సంఖ్య సమానంగా ఉంచి, పలికే సమయం మాత్రం మార్చి చూస్తే 1975 నాటి తేడా కనపడలేదు. నా అంకెల్లో అక్షరాలూ ఎక్కువే, సమయమూ ఎక్కువే. ఏది పని చేసిందో విడదీయలేను.

*28 కూర్చోబెట్టడాలు, 476 వరసలు. ఇప్పటికి 1,212. పనికొచ్చినవి 872.*

దశ 5: చెక్క పలక

నోటితో పనే లేని కొలత ఒకటి కావాలి. 1972లో మాంట్రియల్‌లో ఫిలిప్ కోర్సీ తన పరిశోధనలో వాడిన చెక్క పలక ఉంది: తొమ్మిది దిమ్మలు, పరీక్షించేవాడు కొన్నింటిని వరసగా తడతాడు, ఎదుటివాడు అదే వరసలో తట్టాలి. అంకె లేదు, మాట లేదు.

1. వడ్రంగి దగ్గర టేకు తుండ్లు, 3 సెంటీమీటర్ల దిమ్మలుగా కోయించినవి తొమ్మిది. ఆయన టీకి 50 రూపాయలు.
2. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క, 110 రూపాయలు.
3. ఉప్పు కాగితం 15, ఫెవికాల్ 45.
4. నా వైపు కనిపించే ముఖం మీద 1 నుంచి 9 అంకెలు. ఎదుటివాళ్ళకు కనపడకూడదు.

దిమ్మల్ని స్కేలు పెట్టి, మూడు వరసలు మూడు నిలువులుగా, ముచ్చటగా అతికించాను. ఇదే ప్రాజెక్టు మొత్తంలో నా పెద్ద తప్పు. ఎనిమిది మందికి సగటు 6.7 వచ్చింది. ఈ పలక మీద మామూలుగా అయిదు చుట్టుపక్కల వస్తుంది, మా వీధి అంత గొప్పదా అనుకున్నాను.

వదినకు ఏకంగా 7.75. ఎలా అని అడిగితే పలకను చూపించి, "ఇది మూడు చుక్కలు మూడు వరసలు కదా, నువ్వు తట్టేది ముగ్గే" అంది. వేలితో గీసి చూపించింది. ఏడు దిమ్మల వరస ఆమెకు ఒక మెలిక, ఒక మలుపు, అంతే. తమ్ముడినీ మేనకోడలినీ అడిగాను. వాళ్ళకు అది ఫోన్ లాక్ తీసే తొమ్మిది చుక్కలు. ముగ్గురివీ గుత్తులే, ఈసారి గుత్తులు కట్టింది చెయ్యి.

ఫెవికాల్ అప్పటికే గట్టిపడింది. దిమ్మలు ఊడదీయబోతే ప్లైవుడ్ పొర లేచి వచ్చింది. పలక తిరగేసి వెనక వైపు వాడాను. ఈసారి స్కేలు పక్కన పెట్టి, ఏ మూడూ ఒకే గీత మీద లేకుండా, దూరాలు సమానం కాకుండా అతికించాను. రెండు రోజులు డబుల్ టేపుతో పెట్టి చూసి, వదిన "ఇందులో ముగ్గు రాదు" అన్నాకే ఫెవికాల్ పూశాను. తట్టే వేలు సెకనుకు ఒకటి, సమంగా టిక్కుమనే మెట్రోనోమ్ ఇయర్‌ఫోన్ నా చెవిలో మాత్రమే.

అదే ఎనిమిది మంది, కొత్త వరసలు: 5.1. వదినకు 5.5.

*మొదటి పలక 144 వరసలు పారేశాను, రెండోది 136. మొత్తం 1,492. పనికొచ్చినవి 1,008, పారేసినవి 484. ఖర్చు 260 రూపాయలు.*

దశ 6: ఇప్పుడున్న స్థితి

నోట్‌బుక్కు చివరి పేజీలో సంఖ్యలు ఒకదాని కింద ఒకటి రాసుకున్నాను: 8.1 (నా రాగంతో), 6.8 (రాగం తీసేస్తే, ఇంగ్లీషు), 5.6 (తెలుగు), 4.3 (నోరు కట్టేస్తే). నెల్సన్ కోవన్ 2001లో అన్నది నాలుగు: గుత్తులు కట్టుకునే వీలు, లోపల చెప్పుకునే వీలు రెండూ తీసేస్తే మిగిలేది మూడు నుంచి అయిదు లోపు అని. ఆయన వాదాన్ని ఇంట్లో పరీక్షించే సత్తా నా దగ్గర లేదు. నా 4.3 ఆ సంఖ్య పక్కన నిలబడింది గానీ, తెర కాస్త వేగంగా తిప్పితే 3.9 వచ్చేదేమో.

పెదనాన్న ఒక అభ్యంతరం పెట్టారు. "నాలుగే అయితే అవధాని సంగతేంటిరా? వ్యస్తాక్షరిలో అక్షరాలు చెల్లాచెదురుగా ఇస్తారు, మధ్యలో గంటలు కొడతారు, అప్రస్తుత ప్రసంగం వాడు అడ్డొస్తాడు, ఆఖర్న అన్నీ ధారణ చేస్తాడు." తిరుపతి వెంకట కవుల కథలు విని పెరిగిన మనిషి, ఊరుకోరు. నాకు తోచింది చెప్పాను. అవధాని ఆ పద్యాలను చేతిలో పట్టుకు కూర్చోడు, ఏళ్ళ తరబడి కట్టుకున్న అల్మారాలో పెట్టేస్తాడు. ఛందస్సు, యతి, ప్రాస అందులో అరలు. 1980లో ఎరిక్సన్, చేజ్, ఫలూన్ రాసిన పరిశోధనలో ఒక కాలేజీ విద్యార్థి 230 గంటలకు పైగా సాధన చేసి 79 అంకెలు చెప్పాడు. పరుగు పందేల మనిషి, అంకెల్ని పరుగు సమయాలుగా మార్చుకునేవాడు. అంకెలు తీసేసి హల్లులిస్తే మళ్ళీ ఆరే. పెదనాన్న ఒప్పుకోలేదు. "అయితే మీ పరీక్ష పనికిమాలినది" అన్నారు.

మిగిలిన పనులు:

1. తమ్ముడు రోజూ అరగంట సాధన చేస్తానంటున్నాడు. అతన్ని ఇకమీదటి లెక్కల్లోంచి తీసేయాలి.
2. తెర మీద అక్షరాలు పెద్దవి చేసి అమ్మమ్మతో రామ పరీక్ష చేయాలి. నిన్న ఒకసారి ప్రయత్నించాం. మూడో వరసకు ఆమె తెర వైపు చూడటం మానేసి, కళ్ళు మూసుకుని జపంలోకి వెళ్ళిపోయింది. ఆ వరసకు సున్నా వేశాను.